బిడ్డ చేతిలో ఉన్న ఆట ఏమిటో చూశారా?

ఆసుపత్రిలో రోజులు గడపడం పెద్దవాళ్ళకే కష్టం. కాలు విరిగి, కదలవద్దని పడుకోబెట్టిన పిల్లల సంగతి ఇక చెప్పనక్కరలేదు. అందుకే చాలామంది తల్లిదండ్రులు పిల్లల చేతికి ఫోన్ గానీ, చేత్తో పట్టుకుని ఆడే చిన్న వీడియో గేమ్ గానీ ఇస్తూ ఉంటారు. ఇవ్వడం తప్పు కాదు. కానీ ఏమి ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వాలి. ఈ సంగతి నాకు ఒక పిల్లవాడి వల్ల బాగా తెలిసివచ్చింది.

ఆ బాబుకు తొమ్మిదేళ్ళు. తొడ ఎముక విరిగి మా వార్డులో చేరాడు. మోకాలి కింద పుండు కూడా ఉండేది. డ్రెస్సింగ్ ట్రే చూస్తే చాలు, ఏడుపు మొదలుపెట్టేవాడు. "వాళ్ళ బాబాయి ఫారిన్ నుంచి తెచ్చిన వీడియో గేమ్ ఉంది సిస్టర్, ఇవ్వమంటారా?" అని తల్లి అడిగింది. "ఇవ్వండమ్మా, నొప్పి మరచిపోతాడు" అన్నది నేనే. నిజంగానే ఆ రోజు ఏడవలేదు. నేను ఒకసారి తొంగి చూశాను. పైనుంచి చూసినట్టు రోడ్లు, బొమ్మల్లాంటి చిన్న చిన్న కార్లు కనిపించాయి. కార్ల ఆట అనుకున్నాను. తల్లి కూడా అలాగే అనుకుంది.

మూడో రోజు సాయంత్రం మాత్రలు ఇవ్వడానికి వెళితే ఆ బాబు అడిగాడు: "సిస్టర్, మీ దగ్గర హెరాయిన్ ఉంటుందా? ఒకచోట తక్కువకు కొని ఇంకోచోట ఎక్కువకు అమ్మితే చాలా డబ్బులొస్తాయి." అదేదో కొత్త మందు పేరనుకుని తల్లి నవ్వింది. నాకు మాత్రం నోట మాట రాలేదు. మంచం పక్కన కూర్చుని, "ఏదీ, నాకూ చూపించు నాన్నా" అన్నాను.

ఆ ఆటలో ఏముంది?

దాని పేరు గ్రాండ్ థెఫ్ట్ ఆటో: చైనాటౌన్ వార్స్. గ్రాండ్ థెఫ్ట్ ఆటో అంటే అమెరికాలో కారు దొంగతనం అనే నేరానికి వాడే మాట. ఇంగ్లండులోని రాక్‌స్టార్ లీడ్స్ అనే సంస్థ దీన్ని తయారుచేసింది. 2009 మార్చిలో రెండు తెరలుండి పుస్తకంలా మడిచే నింటెండో డీఎస్ కోసం, అదే సంవత్సరం అక్టోబరులో సోనీ పీఎస్‌పీ కోసం విడుదలైంది. 2010లో ఐఫోన్‌కూ, 2014లో ఆండ్రాయిడ్ ఫోన్లకూ వచ్చింది. ఆ చేతి యంత్రాల తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. అయినా అన్న ఆడి వదిలేసినవి తమ్ముడికి, బంధువులు తెచ్చినవి మన పిల్లలకు చేరుతూనే ఉంటాయి.

కథ న్యూయార్కును పోలిన లిబర్టీ సిటీ అనే ఊహా నగరంలో జరుగుతుంది. హువాంగ్ లీ అనే యువకుడి తండ్రి నేరస్థుల ముఠా నాయకుడు. అతన్ని ఎవరో చంపుతారు. కొడుకు ఆ నగరానికి వచ్చి ముఠాల మధ్య తిరుగుతూ డబ్బు, పలుకుబడి సంపాదిస్తాడు. ఇలాంటి ఆటలో ఒక దారి, ఒక గీత అంటూ ఉండవు. నగరమంతా తెరిచే ఉంటుంది. ఆడేవాడు ఎటైనా వెళ్ళవచ్చు, ఏ కారైనా లాక్కోవచ్చు, ఎవరినైనా కొట్టవచ్చు. ఆగి ఉన్న కారును దొంగిలించాలంటే తెరమీద స్క్రూలు విప్పాలి, తీగలు కలపాలి. పోలీసులు వెంటపడితే వాళ్ళ కార్లను గుద్ది పాడుచేస్తేనే తప్పించుకోవడం తేలికవుతుంది. ఇవి కాక హెరాయిన్, గంజాయి, కొకైన్ వంటి ఆరు రకాల మత్తుపదార్థాలను చౌకగా కొని ఎక్కువ ధరకు అమ్మే వ్యాపారం ఉంటుంది. లెక్కలు బాగా వచ్చిన పిల్లవాడికి అది బలే సరదాగా ఉంటుంది. మా బాబు అక్కడే చిక్కుకున్నాడు.

ఇది పిల్లల కోసం చేసిన ఆట కాదు. తయారుచేసినవాళ్ళు కూడా అలా చెప్పలేదు. ఐరోపాలో దీనికి 18 అనే గుర్తు, అమెరికాలో 17 ఏళ్ళు దాటినవారికని చెప్పే ఎం అనే అక్షరం ఇచ్చారు. ఆ గుర్తు పెట్టె మీదే ఉంటుంది. పెట్టె పారేసి యంత్రం మాత్రమే చేతికొస్తే ఆ హెచ్చరిక మనకు చేరదు. పైగా టీవీ అయితే ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. ఈ తెర అరచేయంతే కనుక పట్టుకున్న బిడ్డకు తప్ప ఇంకెవరికీ కనిపించదు.

ఇవి ఆడితే పిల్లలు నేరస్థులైపోతారా?

చాలామంది తల్లులు భయంతో అడిగే ప్రశ్న ఇది. అలా చెప్పడానికి తగిన ఆధారం లేదని అమెరికాలోని మానసిక శాస్త్రవేత్తల సంఘం 2020లో స్పష్టంగా ప్రకటించింది. అయితే హింస ఉన్న ఆటలకూ, అరవడం, తోయడం వంటి దురుసు ప్రవర్తనకూ కొద్దిపాటి సంబంధం కనిపిస్తున్నదని కూడా అదే సంఘం చెప్పింది. కాబట్టి బిడ్డను దొంగలా చూడకండి, అలాగని పట్టించుకోకుండానూ ఉండకండి. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి చూసినదాన్ని తూచుకునే తెలివి ఇంకా రాలేదు. హెరాయిన్ మనిషిని ఏం చేస్తుందో ఆట చెప్పదు. ఎంతకు అమ్ముడవుతుందో మాత్రమే చెబుతుంది. మిగతా సగం చెప్పవలసింది మనమే.

మంచి ఆట నొప్పిని తగ్గిస్తుంది

ఆట మీద ధ్యాస పెట్టిన బిడ్డకు నొప్పి తక్కువగా తెలుస్తుంది. ఇది వట్టి మాట కాదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో కాలిన గాయాలవారి కోసం స్నోవరల్డ్ అనే ఆటను తయారుచేశారు. డ్రెస్సింగ్ చేస్తున్నంతసేపూ రోగి కళ్ళకు పెట్టుకున్న తెరలో మంచు లోయ కనిపిస్తుంది. అతడు మంచు ఉండలు విసురుతూ ఉంటాడు. నొప్పి తగ్గిందని రోగులే చెప్పారు. కనుక ఆ రోజు నేను ఆట ఇవ్వమనడం తప్పు కాదు. ఏ ఆటో చూడకుండా ఇవ్వమనడమే నా తప్పు.

మందు ఇచ్చినట్టే ఆటనూ ఇవ్వండి

నర్సులు మందు ఇచ్చే ముందు కొన్ని విషయాలు సరిచూసుకుంటారు. సరైన రోగేనా, సరైన మందేనా, సరైన మోతాదేనా, సరైన వేళేనా అని. మీరు కూడా అలాగే చూడండి.

సరైన బిడ్డ: పెట్టె మీద గానీ, ఫోన్‌లో ఆట దించుకునే చోట గానీ వయసు అంకె ఉంటుంది. బిడ్డ వయసుకు మించినది ఇవ్వకండి.

సరైన ఆట: పది నిమిషాలు పక్కన కూర్చుని చూడండి. "ఇందులో గెలవాలంటే ఏం చెయ్యాలి?" అని అడగండి. బిడ్డ చెప్పే జవాబులోనే మీకు అంతా తెలిసిపోతుంది.

సరైన మోతాదు: గంటకొకసారి పది పదిహేను నిమిషాలు ఆపించండి. మధ్యమధ్యలో ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడమనండి. కళ్ళకు విశ్రాంతి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తంలో ఒక గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాదిలోపు బిడ్డలకు అసలే వద్దు.

సరైన వేళ: నిద్రకు గంట ముందే తీసి పక్కన పెట్టండి. పుండు మానాలన్నా, ఎముక అతకాలన్నా నిద్ర అవసరం.

వార్డులో ఇంకొన్ని జాగ్రత్తలు: సెలైన్ సూది ఉన్న చేతితో ఆడనివ్వకండి, వాపు వస్తుంది. శబ్దం పూర్తిగా తగ్గించండి. ఛార్జర్ కోసం మంచం దగ్గరి మిషన్ల ప్లగ్గు ఎప్పుడూ తీయకండి.

ఫిట్స్ ఉన్న పిల్లల విషయంలో

మెరుస్తూ ఆరుతూ ఉండే వెలుగు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తుంది. 1997 డిసెంబరులో జపానులో ఒక కార్టూన్ చూస్తుండగా వందలాది పిల్లలను ఆసుపత్రులకు తీసుకువెళ్ళవలసి వచ్చింది. మీ బిడ్డకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆట ఇచ్చే ముందు డాక్టరుగారిని అడగండి. ఆడుతూ కళ్ళు కొట్టుకోవడం, చేతులు అదరడం, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే వెంటనే ఆపండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం చేయకండి. వార్డులో ఉంటే వెంటనే సిస్టర్‌ను పిలవండి, ఇంట్లో ఉంటే ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.

ఆట అలవాటు దాటి వ్యాధి అయితే

ఆపాలన్నా ఆపలేకపోవడం, తిండి, చదువు, స్నేహితుల కంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఈ మూడూ ఒక సంవత్సరంపాటు ఉంటే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధిగా గుర్తించింది. ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఆడే పిల్లలందరికీ ఇది రాదు. అనుమానముంటే మా డాక్టర్లకు చెప్పండి. లేదా ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సిగ్గుపడవలసిన పని లేదు.

ఆ బాబు సంగతి

ఆ సాయంత్రం నేను యంత్రం లాక్కోలేదు. హెరాయిన్ అంటే ఏమిటో వాడికి అర్థమయ్యేలా చెప్పాను. అది అలవాటైనవాళ్ళు తమ అమ్మను కూడా పట్టించుకోరని, ఊపిరి ఆగి చనిపోతారని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "ఇందులో చచ్చిపోతే ఆసుపత్రి ముందు మళ్ళీ లేస్తాడు సిస్టర్" అన్నాడు. "మన ఆసుపత్రిలో అలా లేవరు నాన్నా. అందుకే నీ కాలు విరిగిన రోజు మీ అమ్మ అంతగా ఏడ్చింది" అన్నాను. వాడు అమ్మ వైపు చూశాడు. యంత్రం తనే మూసి నా చేతికిచ్చాడు.

మరునాడు డ్రెస్సింగ్ సమయానికి తల్లి ఫోన్‌లో కేరమ్స్ ఆట పెట్టించింది. తనూ పక్కన కూర్చుని ఆడింది, ఓడిపోయింది. బాబు నవ్వుతుండగానే నేను కట్టు కట్టడం పూర్తిచేశాను.

ప్రియమైన తల్లిదండ్రులారా, బిడ్డ దేవుడు మన చేతికి అప్పగించిన వరం. ఆ బిడ్డ చేతిలో ఏముందో ఈ రోజే ఒకసారి చూడండి. కోపంగా కాదు, పక్కన కూర్చుని. ప్రభువు మీ బిడ్డకు త్వరగా స్వస్థత నిచ్చును గాక.