రొయ్యలతో తేలికైన మెక్సికో వంట



మెక్సికో దేశమున ‘పాస్తెల్ అస్తేకా’ యను వంటకము కలదు. మొక్కజొన్న రొట్టెలను నూనెలో వేయించి, టొమాటో గుజ్జును, మాంసమును, మీగడను, చీజును వానితో పొరలుపొరలుగా పేర్చి, ఓవెనులో కాల్చి వడ్డింతురు. రుచికి లోపము లేదు గాని, దినమంతయు పనిచేసి యలసివచ్చి రాత్రి దానిని భుజించినవారికి నిద్ర సుఖముగా పట్టదు. దానినే రొయ్యలతో తేలికగా చేయు విధమును నేడు మనవి చేసెదను.

చీజు తగ్గించినచో నది మెక్సికో వంటయే కాదని కొందరందురు. ఆ మాట నేనొప్పుకొనను. 1519లో స్పెయిను దేశీయులు వేరాక్రూజ్ తీరమున దిగుటకు పూర్వము అచ్చట ఆవులు లేవు, పెంపుడు పందులు లేవు. ఇక మీగడ యెక్కడిది? పందికొవ్వెక్కడిది? మొక్కజొన్న, టొమాటో, మిరప, చిక్కుడు - ఇవి ఆ నేల సొత్తు. టొమాటో యను పేరు సైతము అస్తేకుల నహువాతల్ భాషనుండి వచ్చినదే. మన మిరపకాయయు ఆ ఖండమునుండి పోర్చుగీసువారి మూలమున మనకు చేరినదే గదా! నేటికిని వేరాక్రూజువారు చేపను టొమాటో, ఆలివుకాయలతో వండుదురు; అందు చీజు ఉండదు. ఉల్లి వెల్లుల్లులును స్పెయినువారు తెచ్చినవే యందురా, వానిని మాత్రము నేను విడువజాలను.

నలుగురికి అరకిలో ఒలిచిన రొయ్యలు, 6 పండిన టొమాటోలు, 1 ఉల్లిగడ్డ, 4 వెల్లుల్లి రెబ్బలు, 2 పచ్చిమిరపకాయలు, 8 మొక్కజొన్న రొట్టెలు, 60 గ్రాముల చీజు చాలును. టొమాటో, ఉల్లి, వెల్లుల్లి, మిరపలను నూనె లేకుండ పెనముపై నల్లమచ్చలు పడువరకు కాల్చి, ఉప్పుతో నూరవలెను. ఆ గుజ్జును ఒక చెంచాడు నూనెలో చిక్కబడనిండు. పలుచగా నున్నచో రొట్టెలు నాని ముద్దయగును. వారు రొట్టెలను నూనెలో వేయించుట యీ ముద్దను తప్పించుటకే. పొడిపెనముపై అంచులు బిరుసెక్కువరకు కాల్చినను ఆ పని చాలవరకు నెరవేరును. నూనె మిగులునది ఇచ్చటనే.

రొయ్యలను ముందుగా ఉడికింపరాదు. రెండుమారులు వేడి తగిలిన రొయ్య రబ్బరువలె సాగును. తడి తుడిచి పచ్చివే రొట్టెల నడుమ గుజ్జుతో పరచి, పైన మరల గుజ్జు పోసి, పాత్రను మూసి, ముందుగా 200 డిగ్రీలకు కాచిన ఓవెనులో 20 నిమిషము లుంచుడు. రొయ్యలు ఎఱ్ఱబారి, లోపలి కండ తెల్లనై, గాజువంటి మెఱపు పోయినచో ఉడికినవని గుర్తు. అప్పుడు మూత తీసి, చీజును తురిమి పైన మాత్రమే చల్లి, మరి 5 నిమిషములు కాల్చుడు. పొరలలో దాగిన చీజు నాలుకకు అంతగా తెలియదు. పైనున్నది మొదటి ముద్దలోనే తెలియును. మీగడకు మారుగా నిమ్మరసము పిండి, కొత్తిమీర చల్లుడు.

గుజ్జును ముందురాత్రియే నూరి చల్లని చోట భద్రపరచుకొన్నచో మరునాటి పని అరగంటకు మించదు. రొయ్యలను మాత్రము ఆనాడే కొనుడు.