యంత్రము వ్రాసినను సంతకము మనిషిది

శ్రీకాకుళమునుండి విశాఖపట్నము పోవు జాతీయ రహదారిపై, పట్టణమునకు కొలదిదూరమున నున్న ఎచ్చెర్ల మండలములో రెండు పెద్ద విద్యాసంస్థలు కలవు. 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఒకటి, ఎస్.ఎం.పురములోని ట్రిపుల్ ఐటీ మఱియొకటి. అక్కడి తరగతి గదులలో యువతీయువకులు కృత్రిమ మేధను పాఠముగా చదువుచునో, పాఠములు చదువుకొనుటకు సాధనముగా వాడుకొనుచునో యుండగా, అదే మండలపు గ్రామ సచివాలయములకు పింఛను నిలిచిపోయిన వృద్ధురాలును, అడంగలులో పేరు తప్పుపడిన రైతును, కుమార్తెకు కుల ధ్రువపత్రము కావలసిన కూలియు అర్జీలు చేతబట్టుకొని వచ్చుచున్నారు. విద్యార్థి చేతి ఫోనులో ఏ యంత్రమున్నదో, ఆ అర్జీని పుచ్చుకొను ఉద్యోగి చేతి ఫోనులోను అదియే యున్నది. అడిగినంతనే వ్యాసమును, లేఖను, నివేదికను చక్కగా కూర్చియిచ్చు ఆ జనరేటివ్ ఏఐ సాధనమును ప్రజల పనికై ఉద్యోగి ఎంతవరకు వాడవచ్చును, ఎచ్చట ఆగవలెను, తప్పు వచ్చినచో ఎవరు పూచీ పడవలెను అను ప్రశ్నలకు గ్రామస్థాయిలో ఎట్టి నియమములు ఉండవలెనో ఆలోచించుట ఇప్పటి అవసరము.

ఇది దూరపు మాట కాదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయముల వ్యవస్థ ఆరంభమైనది మొదలు, ఒకప్పుడు మండల కార్యాలయమువఱకు నడచిపోవలసిన పనులనేకము ఊరిలోని డిజిటల్ అసిస్టెంటు బల్లమీదికి వచ్చినవి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వము ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్ ద్వారా అందింప మొదలిడెను. అదే సంవత్సరము అక్టోబరులో, విశాఖపట్నమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పెదమని గూగుల్ సంస్థ ప్రకటించెను. యంత్రములు మన ఉత్తరాంధ్ర తీరముననే నిలువబోవుచున్నవి. వానిని ప్రజాసేవలో నడపవలసిన మర్యాద మాత్రము ఎవరో యెచ్చటనో నిర్మించి పంపుదురని వేచియుండుట నాకు ఉచితముగా తోచదు.

ముందుగా ఈ యంత్రపు స్వభావమును తెలిసికొనవలెను. అపారమైన వాఙ్మయరాశిని చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుటకు అవకాశము హెచ్చుగా నున్నదో గణించి, ఒక్కొక్క పదశకలమునే చేర్చుకొనుచు ఇది వాక్యములను నిర్మించును. ఆ వాక్యము నిజమా కాదా అను విచారము దాని నిర్మాణములో స్వతస్సిద్ధముగా లేదు. కనుకనే అది తెలిసినదానిని ఎంత ధీమాగా చెప్పునో, తెలియనిదానిని కల్పించి అంతే ధీమాగా చెప్పగలదు. మన పరిపాలన యావత్తు జీ.ఓ.లపై, వాని సంఖ్యలపై, తేదీలపై నడచునది. ఒక పథకపు అర్హత గూర్చి అడిగినప్పుడు ఈ యంత్రము లేని జీ.ఓ. సంఖ్యనొకదానిని సృష్టించి, దానికి నమ్మదగిన తేదీని తగిలించి, ప్రభుత్వ భాషలోనే ప్రత్యుత్తరము సిద్ధము చేయగలదు. చదువరికి అనుమానము కలిగించు తడబాటేదియు ఆ వాక్యములలో కనబడదు. దీనికి తోడు, అది చదివిన రాశిలో ఆంగ్లముతో పోల్చినప్పుడు తెలుగు మిక్కిలి స్వల్పము. ఆ తెలుగులోను శ్రీకాకుళపు పలుకుబడి ఇంకను స్వల్పము. ‘మా గుంటకి ఇంకా కార్డు రానేదు’ అని ఒక తల్లి చెప్పినమాటను వ్రాసికొన్న యంత్రము, గుంటయనగా బిడ్డయని గ్రహించునో, గొయ్యి యనుకొని ఆ అర్జీని రోడ్ల మరమ్మతు జాబితాలో చేర్చునో పరీక్షించి చూచినగాని చెప్పజాలము.

ఇట్టి ప్రమాదము మహానగరములను సైతము విడువలేదు. 2023 అక్టోబరులో న్యూయార్కు నగరపాలకులు వ్యాపారులకు నిబంధనలు తెలుపుటకై ఒక సంభాషణ యంత్రమును ప్రవేశపెట్టిరి. 2024 మార్చిలో ‘ది మార్కప్’ అను వార్తాసంస్థ దానిని ప్రశ్నించి చూడగా, ఉద్యోగులకు వచ్చు టిప్పులలో యజమాని వాటా తీసికొనవచ్చుననియు, ప్రభుత్వపు అద్దె సహాయము పొందువారికి ఇల్లు ఇవ్వ నిరాకరింపవచ్చుననియు అది సమాధానమిచ్చెను. రెండును ఆ నగర చట్టమునకు విరుద్ధములే. ప్రభుత్వపు ముద్రతోనున్న చోటినుండి వచ్చిన మాటను నమ్మి నడచుకొనిన చిన్న వ్యాపారి చట్టము దృష్టిలో నేరస్థుడగును. తప్పు చెప్పిన యంత్రమునకు శిక్ష లేదు. మఱి పూచీ ఎవరిది? ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా న్యాయమండలి యొకటి ఈ ప్రశ్నకు స్పష్టమైన ఉత్తరమిచ్చెను. ఎయిర్ కెనడా సంస్థ వారి సంభాషణ యంత్రము ఒక ప్రయాణికునికి టికెట్టు రాయితీ విషయమున తప్పుడు సమాచారమీయగా, ఆ యంత్రము చెప్పినదానికి తాము బాధ్యులము కామను రీతి వాదమును మండలి త్రోసిపుచ్చి, తన వెబ్‌సైటులోని ప్రతి సమాచారమునకు సంస్థయే బాధ్యత వహింపవలెనని నిర్ణయించెను.

మన తెలుగునాట జరిగినదానిని కూడ తలచుకొనవలెను. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అను వ్యవస్థ పలుశాఖల వివరములను ఒకచోట కూర్చి, ఒకే మనిషికి సంబంధించినవని తోచిన వానిని జతచేసి, సంక్షేమ పథకముల అర్హతను తేల్చుటకు తోడ్పడుచు వచ్చెను. రాష్ట్రమున రద్దయిన రేషను కార్డులు దాదాపు 19 లక్షలు కాగా, వానిని క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలింపవలసినదని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించెను. మన రాష్ట్రమున 2019 తరువాత వచ్చిన ‘ఆరంచెల పరిశీలన’ను ఎఱుగని పల్లె లేదు. కారు, కరెంటు వాడకము, భూమి, ఆదాయపు పన్ను మొదలగు వివరములను కంప్యూటరు సరిపోల్చి అనర్హులని తేల్చినవారిలో, తమది కాని మీటరు తమ ఆధారుకు ముడిపడినదని మొఱపెట్టుకొనినవారును ఉండిరి. ఈ వ్యవస్థలేవియు జనరేటివ్ ఏఐ కావు. ఉన్న వివరములను సరిపోల్చునవే గాని క్రొత్త మాటలను పుట్టించునవి కావు. అయినను పేదవాని అనుభవములో భేదము లేదు: ఎచ్చటనో ఏదియో నిర్ణయింపబడినది, ఎందుకో చెప్పువారు లేరు, ఎవరిని అడుగవలెనో తెలియదు. సరిపోల్చు యంత్రముతోనే ఇంత కష్టము కలిగినప్పుడు, కారణములను సైతము అందముగా కల్పించి వ్రాయగల యంత్రము వచ్చినచో ఆ పేదవాడు అన్యాయమును గుర్తించుటయే దుర్ఘటమగును. నన్ను అన్నిటికంటె కలతపెట్టునది ఇదియే.

అప్పలనాయుడు, సూర్యనారాయణ, పైడిరాజు, అప్పలనరసమ్మ అను పేర్లు ఒక్కొక్క ఊరిలో ఎందఱికో ఉండు సీమ మనది. సింహాచలపు అప్పన్నను, అరసవల్లి సూర్యభగవానుని, విజయనగరపు పైడితల్లిని కొలుచు ఇండ్లలో ఆ పేర్లు తరతరములుగా మఱలమఱల పుట్టుచుండును. ఇంటిపేరు సైతము ఒక్కటియే యగుట అరుదు కాదు. తండ్రిపేరు, వీధి, ఇంటిగుర్తు తెలిసిన మనిషి పొరపడనిచోట యంత్రము సులభముగా పొరపడును. కావున పింఛను, బియ్యము కార్డు, ఇంటిస్థలము, నష్టపరిహారము వంటి అర్హతలను తేల్చు పనిలో జనరేటివ్ ఏఐకి చోటీయరాదని మొదటి నియమముగా వ్రాయవలెనని నా దృఢాభిప్రాయము.

రెండవది గోప్యత. అర్జీలో ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా, వ్యాధి, కుటుంబ కలహము, కులము ఉండును. పనిభారముచే అలసిన ఉద్యోగి ఆ కాగితమును ఫోటో తీసి, తన సొంత ఫోనులోని ఉచిత యాపునకు ఇచ్చి, ‘దీనికి జవాబు వ్రాయుము’ అని అడిగినంతనే ఆ వివరములన్నియు ప్రభుత్వపు హద్దులు దాటి ఏదో దేశమునందలి సర్వరునకు చేరిపోవును. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న ప్రకటించెను. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము వచ్చెను. ఆ చట్టము రాయితీలు, ధ్రువపత్రములు మొదలగు వాని నిమిత్తము వివరములను వాడుకొనుటలో ప్రభుత్వమునకు కొంత సడలింపునిచ్చినది గాని, అందిన వివరములను ఊరుపేరు లేని యాపులకు అప్పగింపుమనలేదు. కేంద్ర ఆర్థికశాఖ 2025 జనవరిలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి సాధనములను కార్యాలయపు కంప్యూటర్లలో వాడరాదని తన ఉద్యోగులకు సూచించినది కూడ రహస్యములు బయటికి పోవునను భయముచేతనే.

నిషేధమొక్కటియే చాలునా యనిన, చాలదనియే చెప్పవలెను. సొంత ఫోను ప్రతి జేబులోను ఉండగా నిషేధించిన వాడుక చాటుమాటున సాగును; చాటున సాగినదానిని సరిదిద్దు వీలుండదు. బోస్టన్ నగరము 2023 మేలో తాత్కాలిక మార్గదర్శకములను వెలువరించుచు, వాడి చూడుడని ఉద్యోగులను ప్రోత్సహించి, వ్రాసినదానిని సరిచూడవలెననియు, యంత్రసాయమును వెల్లడింపవలెననియు, రహస్య వివరములనీయరాదనియు కోరెను. తెలుగు కుటుంబములు బహుళముగా నివసించు సాన్ హోసే నగరము వాడిన ప్రతిసారి ఒక పత్రములో నమోదు చేయుమని ఆ యేడే తన ఉద్యోగులను అడిగెను. జపానులోని యొకొసుకా నగరము 2023 ఏప్రిలులోనే, వ్యక్తిగత వివరములను చేర్పరాదను కట్టుబాటుతో, తన కార్యాలయములలో చాట్‌జీపీటీని ప్రయోగించి చూచెను. మనకు మిక్కిలి దగ్గఱి ఉదాహరణము కేరళ హైకోర్టుది: జిల్లా న్యాయస్థానములకై 2025 జూలైలో అది వెలువరించిన విధానము, తీర్పునకు గాని ఉత్తర్వునకు గాని కృత్రిమ మేధను ఆశ్రయింపరాదనియు, ఆమోదించిన సాధనములనే వాడవలెననియు, వాడిన సందర్భములను నమోదు చేయవలెననియు శాసించినది.

వీనినన్నిటిని చదివినప్పుడు, మన ఊళ్లకు ఈ మర్యాద బొత్తిగా క్రొత్తది కాదని నాకు తోచెను. మన క్రయదస్తావేజు అడుగున ఇచ్చినవారి సంతకమును, సాక్షుల సంతకములును ఉండుటయే గాక, దానిని వ్రాసిన లేఖరి పేరును ఉండును. వ్రాతకు ఒకడు, మాటకు ఒకడు, చూచినదానికి మఱియొకడు పూచీ. సచివాలయమునుండి వెలువడు ప్రతి జవాబు అడుగునను ఇట్లే, ‘ఈ ప్రతిని యంత్రసాయముతో సిద్ధపఱచితిమి’ అను పంక్తియు, దాని క్రింద చదివి సరిచూచిన ఉద్యోగి పేరును, హోదాయును, తేదీయును ఉండవలెను. పేరు వ్రాయవలసివచ్చినవాడు చదువక మానడు. అర్జీదారునకు ఆ జవాబు నచ్చనిచో, పేరు కనబడుచున్న ఆ మనిషినే నేరుగా కలిసి తన గోడు చెప్పుకొను హక్కు ఉండవలెను. సోమవారము కలెక్టరు సమక్షమున జరుగు ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చు అర్జీలకును ఇదే పద్ధతి వర్తింపవలెను.

మఱియొక సొంత సంప్రదాయము కూడ మనకు కలదు. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని 2006 మొదలు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున విస్తృతముగా నడిపి, 2009లో అందుకై ప్రత్యేక సంస్థనే నెలకొల్పితిమి. మస్టరు పట్టీలోని పేరును పట్టుకొని ఇంటింటికి పోయి, ‘ఈ దినములు పని చేసితివా, ఈ కూలి ముట్టినదా’ అని అడిగి, వ్రాతకును నిజమునకును గల తేడాను మండల ప్రజావేదికలో అందఱి యెదుట చదివి వినిపించిన అనుభవము మన పల్లెలది. యంత్రసాయముతో వ్రాసిన జవాబులలో కొన్నిటిని ప్రతి మూడునెలలకు ఎంపికచేసి, పేర్లు తొలగించి, మూలపు అర్జీతోను జీ.ఓ.తోను సరిచూచి, తప్పులెన్నో ప్రజావేదికలో చదువుట ఆ పద్ధతికి సహజమైన విస్తరణమే. ఇందుకు అవసరమైన సాంకేతిక జ్ఞానము వెదకుకొనుచు పోవలసిన పని ఎచ్చెర్లకు లేదు. ట్రిపుల్ ఐటీ విద్యార్థులును, విశ్వవిద్యాలయపు అధ్యాపకులును కూర్చుండి, ఈ ప్రాంతపు పలుకుబడిలో కల్పిత అర్జీలను కొన్ని వందలు వ్రాసి, యంత్రమెచ్చట పొరపడుచున్నదో జాబితా తయారుచేసినచో, అది ఈ మండలమునకే గాక ఉత్తరాంధ్ర కంతకును ఉపకరించును. శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, వ్రాతలేని సవర భాషను సవరల నోటనుండియే నేర్చుకొని దానికి నిఘంటువు కట్టిన నేల యిది. పాలకొండ, సీతంపేట వైపునుండి వచ్చు సవర అర్జీదారుని మాట ఏ యంత్రమునకు తెలియును? అట్టివారి విషయమున దుబాసియే ఉండవలెను గాని యాపు చాలదు.

యంత్రమును వాడదగిన పనులు లేకపోలేదు. ఆంగ్లమునందున్న సుదీర్ఘమైన జీ.ఓ.ను సులభమైన తెలుగులోనికి తెచ్చు తొలిప్రతి, గ్రామసభ మినిట్సు చిత్తుప్రతి, టీకాల తేదీలు తెలుపు కరపత్రము, చూపులేనివారికి వినిపించు ప్రకటన వంటి పనులలో ఇది ఉద్యోగి కాలమును మిగుల్చును. ఆ మిగిలిన కాలము అర్జీదారుని యెదుట కూర్చుండి వినుటకు వినియోగపడిన చాలును. తుపాను హెచ్చరికలలో మాత్రము, 2018 అక్టోబరులో తిత్లీ దెబ్బ తిన్న జిల్లావారము గనుక, అధికారి చదువని యంత్రానువాదమును ఒక్కదానినైనను ప్రజలకు పంపరాదు. తీరము దాటు వేళ ఒక గంట తప్పుపడినను, ఒక ఊరిపేరు మాఱినను నష్టము ప్రాణములతో లెక్కింపవలసివచ్చును.

ఈ నియమములన్నియు రెండు పుటలకు మించనక్కఱలేదు. మండల పరిషత్తు సర్వసభ్య సమావేశమున తీర్మానించి, వాడదగిన పనులు, వాడరాని పనులు, సరిచూడవలసిన ఉద్యోగి, మొఱ వినవలసిన అధికారి అను వానిని పెద్ద అక్షరములతో తెలుగున అచ్చువేయించి, ప్రతి సచివాలయపు గోడమీద పథకముల జాబితా ప్రక్కనే అంటింపవచ్చును. చదువరానివారికొఱకు అక్టోబరు 2నాటి గ్రామసభలో ఒకరు బిగ్గఱగా చదువవలెను. సాధనములు ఏటేట మాఱుచున్నవి గనుక తీర్మానమునకు ఒక సంవత్సరమే గడువుంచి, మఱుసటి యేడు అదే సభలో తనిఖీ లెక్కలను ముందుపెట్టి, ఏ నియమమును ఉంచవలెనో, దేనిని సడలింపవలెనో, దేనిని బిగింపవలెనో అర్జీలు పెట్టుకొనువారినే అడుగవలెను.