వెనక ఇంజన్ మౌంటు ఇంట్లో మార్చుకోవచ్చా?

ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కగానే అది ముందుకూ వెనక్కూ ఊగబోతుంది. ఆ ఊపును పట్టి ఉంచేవాటిలో వెనక మౌంటు రబ్బరు ముఖ్యమైనది. వేడికీ, కారే ఆయిల్‌కూ అది చీలితే గేరు మార్చినప్పుడు ‘దడ్’మంటుంది, సిగ్నల్ దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. దీన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు, ఇంజన్ బరువు మోసే ఏర్పాటు ఉంటేనే.

‘నాలుగు బోల్టులే కదా’ అంటారు. నిజమే, కానీ అవి ఊడదీస్తే ఇంజన్ వాలుతుంది. అందుకే కారును స్టాండ్ల మీద నిలిపి, ఆయిల్ పాన్ కింద వెడల్పాటి చెక్క వేసి, మరో జాకీతో ఇంజన్‌ను ఆనించాలి. కొత్త మౌంటు బోల్టులను ముందు చేత్తో ఎక్కించి, ఇంజన్ కుదురుగా కూర్చున్నాకే మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి; లేదంటే కొత్త రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. స్టాండ్లు, టార్క్ రెంచి లేనివారికి మెకానిక్కే మేలు.