ఇంజను తిరుగుతోంది, దీపం వెలగదేం?

పెళ్ళిపందిట్లో కరెంటు పోయిందనుకోండి. జనరేటరు తాడు లాగారు. ఇంజను బడబడమంటూ అందుకుంది. కాని ఒక్క దీపమూ వెలగలేదు! ట్యాంకులో పెట్రోలుంది, ఇంజను చక్కగా తిరుగుతోంది. మరి విద్యుత్తు ఏమైనట్లు?

ఈ చిక్కు విడాలంటే జనరేటరు ఎలా పనిచేస్తుందో తెలియాలి. తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఇంజను చేసేది కదిలించే పని మాత్రమే. అయస్కాంతం లేకపోతే ఎంత వేగంగా తిప్పినా ఫలితం సున్న.

తొలి యంత్రాలలో ఉక్కుతో చేసిన శాశ్వత అయస్కాంతాలుండేవి. వాటి బలం చాలేది కాదు. విద్యుదయస్కాంతాలు బలమైనవే; కాని వాటికి ముందుగా విద్యుత్తు అందించాలి. విద్యుత్తు పుట్టాలంటే అయస్కాంతం కావాలి, అయస్కాంతం కావాలంటే విద్యుత్తు కావాలి! పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదన్నట్లుంది కదూ?

1866లో జర్మన్ ఇంజనీరు వెర్నర్ సీమెన్స్ ఈ ముడి విప్పాడు. దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ కూడా ఈ ఆలోచనకే వచ్చాడు. ఒకసారి అయస్కాంతీకరించిన ఇనుములో, విద్యుత్తు ఆపేశాక కూడా కొంచెం అయస్కాంతత్వం మిగిలిపోతుంది. దీనినే అవశేష అయస్కాంతత్వం అంటారు. ఇంజను తిరగగానే ఈ కొద్దిపాటి శక్తి కొన్ని వోల్టులను పుట్టిస్తుంది. ఆ విద్యుత్తును మళ్ళీ అయస్కాంతపు చుట్టకే పంపితే దాని బలం పెరుగుతుంది. బలం పెరిగితే విద్యుత్తూ పెరుగుతుంది. పాలల్లో వేసిన తోడు చుక్క లాగా, ఆ కొంచెమే చివరికి 230 వోల్టులవుతుంది. ఆ పైన పెరగకుండా ఒక నియంత్రకం అదుపు చేస్తుంది.

మీరే పరీక్షించి చూడండి. ఇనుపమేకుకు ఎనామిల్ పూత గల రాగితీగను 50 చుట్లు చుట్టండి. తీగ కొనలను టార్చి సెల్లుకు రెండు మూడు సెకన్లు మాత్రమే కలిపి తీసేయండి. ఇప్పుడు మేకును గుండుసూదుల దగ్గరికి తీసుకువెళ్ళండి. ఒకటి రెండు అంటుకుంటాయి. మేకును నేలమీద నాలుగైదుసార్లు గట్టిగా కొట్టి మళ్ళీ చూడండి. పట్టు తగ్గుతుంది. చాలాకాలం వాడకుండా మూలపడేసిన జనరేటరులోనూ ఇలాగే 'తోడు' పోవచ్చు.

అయితే తప్పంతా దానిదేనని తొందరపడకూడదు. తేలికైన కారణాలతో మొదలుపెట్టడమే మెకానిక్కు పద్ధతి. జనరేటరు బ్రేకరు పడిపోయి ఉందా? తీగ తెగిందా? దీపాలూ ఫ్యాన్లూ అన్నీ తగిలించి ఉంచితే వోల్టేజి పుంజుకోకపోవచ్చు. వాటిని తీసేసి చూడాలి. వేగం సరిపోతోందా? రెండు ధ్రువాల జనరేటరు 50 హెర్ట్‌జులు ఇవ్వాలంటే నిమిషానికి 3000 సార్లు తిరగాలి. బొగ్గు బ్రష్షులు అరిగిపోయాయా? బ్రష్షులు లేని చిన్న జనరేటర్లలో కండెన్సరు పాడైందా?

ఆ తరువాత మెకానిక్కు మీటరు పెడతాడు. రెండు మూడు వోల్టులు కనిపిస్తే తోడు ఉన్నట్లే. లోపం దానిని పెంచే మార్గంలో ఉంది. అసలేమీ లేకపోతే తోడు పోయిందని అనుమానించాలి. అప్పుడు నియంత్రకపు తీగలు విడదీసి, 12 వోల్టుల బ్యాటరీని ధన, రుణ ధ్రువాలు తారుమారు కాకుండా అయస్కాంతపు చుట్టకు కొద్ది సెకన్లు కలుపుతాడు. ఇనుము మళ్ళీ అయస్కాంతమవుతుంది! ఇది అనుభవజ్ఞులు చేయవలసిన పని. వోల్టేజి ఒక్కసారిగా 230కి లేవవచ్చు గనుక మీరు తీగలను ముట్టుకోవద్దు.

బాగయ్యాక కూడా రెండు ప్రమాదాలున్నాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. కాబట్టి జనరేటరును ఆరుబయటే, కిటికీలకు దూరంగా నడపాలి. రెండవది: జనరేటరు తీగను గోడ ప్లగ్గులో గుచ్చితే విద్యుత్తు వెనక్కి, వీధి ట్రాన్స్‌ఫార్మరు దాకా పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపులా పనిచేస్తుంది. 230 వోల్టులను వేల వోల్టులుగా పెంచుతుంది. కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ గతి ఏమిటి? అందుకే ఇంటి తీగలకు జనరేటరును కలపాలంటే చేంజోవరు స్విచ్చి తప్పనిసరి.

చివరగా ఒక ప్రశ్న. సైకిలు డైనమోకు ఈ 'తోడు' బెడద ఉండదు. ఎందుకో ఆలోచించండి. జవాబు పైనే ఉంది!