ద్వారము నుండి విమానము దాకా

గడచిన మాఘమాసమున మా పెదనాన్నగారి అమ్మాయిని ఒక పెద్ద నగరమున జరుగు బంధువుల వివాహమునకు విమానములో తీసికొనిపోవలసి వచ్చినది. రోడ్డు ప్రమాదమున వెన్నుపూస దెబ్బతినుటచే పదునాలుగేండ్లుగా మా అక్కకు నడుము క్రింది భాగము స్వాధీనమున లేదు. అయినను ఇంటిలో తన చక్రాల కుర్చీని తానే త్రిప్పుకొనుచు వంట చేసికొనును. బడికి పోయి తొమ్మిదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చును. అట్టి మనిషి విమానాశ్రయపు కౌంటరు ముందుకు చేరినప్పుడు, బల్ల వెనుకనున్న యువకుడు ఆమె వంక చూడక నా వంక చూచి, "ఆవిడ మెట్లెక్కగలరా సార్?" అని యడిగెను. "నన్నే అడుగు నాయనా, చెబుతాను" అన్నది అక్క. ఆ బల్ల అంచు సరిగా ఆమె కన్నుల యెత్తున ఉన్నది. అటునుండి చూచువానికి ఆమె పాపట తప్ప వేరేమియు కనబడి యుండదు. ఆమెను అడుగకపోవుటలో ఆ యువకుని దోషము కొంత యున్న మాట నిజమే గాని, ఆ బల్లను అంత యెత్తున కట్టించినవారి దోషము అంతకంటె నెక్కువ. కూర్చున్నవారి మోకాళ్ళు పట్టునట్లు రెండున్నర అడుగుల యెత్తున ఒక్క బల్ల వేసియున్నచో ఆ ప్రశ్న తిన్నగా ఆమెకే పోయి యుండెడిది.

అటుపిమ్మట ఆమె కుర్చీని సామానుతో పాటు పంపివేసి, విమానాశ్రయమువారి కుర్చీని తెచ్చిరి. చూచువారికి రెండును కుర్చీలే. కాని అక్క కుర్చీ ఆమె శరీరపు కొలతలకు చేయించినది. స్పర్శ తెలియని చర్మము ఒరిసి పుండు పడకుండుటకై వైద్యులు చెప్పగా దానికి ప్రత్యేకమైన మెత్త వేయించిరి. వారు తెచ్చిన దానికో, చక్రములు చిన్నవి, చేతితో త్రిప్పుకొను వలయము లేదు. మరియొకరు నెట్టినగాని అది కదలదు. ఇంటి నుండి తనంత తాను వచ్చిన స్త్రీ ఆ క్షణము మొదలుకొని మంచినీళ్ళకు, మూత్రశాలకు, పత్రిక కొనుటకు సైతము ఒకరిని అడుగవలసినదైనది. నేను కాగితముల పని మీద వరుసలో నిలిచియుండగా, కుర్చీ నెట్టు కుర్రవానికి వేరొక పిలుపు వచ్చినది. "ఇప్పుడే వస్తానమ్మా" అని ఒక స్తంభము ప్రక్కన ఆమెను నిలిపి పోయెను. నేను తిరిగి వచ్చునప్పటికి అరగంట గడచినది. ఆమె ఆ స్తంభము వైపే మొగము పెట్టి కూర్చుండి యున్నది. కనీసము జనము కనబడు దిక్కునకు త్రిప్పుకొనుటకైనను ఆమెకు వీలు లేకపోయినది.

విమానాశ్రయమున సౌకర్యమనగా ఒక కుర్చీయు, దానిని నెట్టు ఒక మనిషియు అను భావము మనలో నాటుకొని పోయినది. ఆ సేవ అక్కరలేదని నేననను. కాని ద్వారము నుండి విమానము దాకా ఒక మనిషి, తన కిష్టమైనచో, ఎవరి చేయియు పట్టుకొనక పోగలిగినప్పుడే ఆ భవనము అందరిదైనట్లని నా దృఢమైన నమ్మకము.

ఈ మాట ఇప్పుడు కేవలము ఆదర్శము కాదు, శాసనము. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వైకల్యము గలవారు 2.68 కోట్ల మంది. 2016లో పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టము, పూర్వము ఏడుగా నున్న వైకల్యముల సంఖ్యను 21కి పెంచి, బస్టాండులు, రైల్వేస్టేషన్లు, విమానాశ్రయములు మూడింటిని పేర్కొని, అక్కడి వాహనములు నిలుపు చోటు, మరుగుదొడ్లు, టిక్కెట్టు కౌంటర్లు అందరికిని అనువుగా నుండవలెనని నిర్దేశించినది. ఆ సంవత్సరమే మే నెలలో సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పినది. సెరిబ్రల్ పాల్సీ గల జీజా ఘోష్ అను విద్యావతి, 2012 ఫిబ్రవరిలో కోల్‌కతా నుండి గోవాలోని ఒక సదస్సునకు పోవుచు విమానములో తన ఆసనమున కూర్చున్న పిదప, ఆమెను విమాన సంస్థవారు దింపివేసిరి. సదస్సు చేజారినది. నాలుగేండ్ల తరువాత న్యాయస్థానము ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలసినదిగా ఆజ్ఞాపించి, ఆమె కోరినది జాలి కాదనియు, మానవ గౌరవమనియు స్పష్టపరచినది.

అయితే చట్టము వేరు, గచ్చు మీది రాయి వేరు. ఈ భేదమును ఎత్తిచూపిన వారిలో మన హైదరాబాదువారు ఉండుట మనకు గర్వకారణము. సౌలభ్యము కొరకు రాజీవ్ రాతూరి అనునాయన వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు కోరగా, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయములోని వైకల్య అధ్యయన కేంద్రమువారు దేశమున సౌలభ్యపు స్థితిగతులను పరిశీలించి నివేదిక సమర్పించిరి. చట్టము ‘చేయవలెను’ అనగా, దాని క్రింద వ్రాసిన నియమములు ‘చేసిన మంచిది’ అను ధోరణిలో నున్నవని తేలినది. 2024 నవంబరు 8న న్యాయస్థానము అట్టి 15(1) నియమమును కొట్టివేసి, తప్పనిసరిగా పాటింపవలసిన కొలతలను వేరుగా నిర్ణయింపుడని కేంద్రమునకు మూడు నెలల గడువిచ్చెను.

కొలతలనగా చిన్న సంగతి కాదు. ఒక అడుగు ఎత్తు ఎక్కుటకు 12 అడుగుల పొడవైన వాలు ఉండవలెను. అంతకు తగ్గినచో చేతులతో చక్రము త్రిప్పువారికి ఎద నొచ్చును, దిగునప్పుడు కుర్చీ చేయి జారును. మరుగుదొడ్డి తలుపు 900 మిల్లీమీటర్లు తెరచుకొనవలెను. లోపల కుర్చీ చుట్టు తిరుగుటకు 1500 మిల్లీమీటర్ల చోటు కావలెను. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ వేసి, లోపల చీపుళ్ళు, బకెట్లు పేర్చిన గదులను నేను కన్నులార చూచితిని.

చూపులేనివారి మార్గము మరియొకటి. నేల మీద పసుపుపచ్చని గీతలు, బొడిపెలు గల పలకలను మనము చూచుచునే యుందుము. జపానుకు చెందిన సెయిచి మియాకే 1965లో వాటిని కల్పించెను. 1967లో ఒకాయామా నగరమున అంధుల పాఠశాల సమీపమున మొదట పరచిరి. గీతలు ‘ముందుకు నడువుము’ అని చెప్పును, బొడిపెలు ‘ఆగుము’ అని చెప్పును. ఆ బాట మీద ఒక అంగడివాడు ప్రకటన బల్ల పెట్టినచో, ఆ భాష తప్పిపోవును. మరియొక చిక్కును ఎవరును ఉద్దేశింపకయే తెచ్చిపెట్టిరి. కోలాహలము తగ్గింపవలెనని అనేక విమానాశ్రయములు మైకు ప్రకటనలను మానివేసి, సమాచారమంతయు తెరల మీదకు మార్చినవి. చెవులు వినబడనివారికి అది మేలే. చూపులేని ప్రయాణికునకు మాత్రము గేటు మారిన సంగతి తెలియు దారి మూసికొనిపోయినది. ఇరువురికిని ఒక్కమారే మేలు చేయు ఏర్పాటు, అనగా తెరతో పాటు సెల్‌ఫోనులో మాటలాడు సందేశము కూడ, కష్టసాధ్యమైనది కాదు.

కంటికి కనబడని ఇబ్బందులు కలవారును ఉన్నారు. ఆటిజము గల పిల్లవానికి ఆ వెలుగులు, ఆ వరుసలు, ఆ తోపులాట భరింపరాని బాధ. చూచువారు మాత్రము పెంపకము బాగులేదందురు. 2016లో లండను సమీపమున గాట్విక్ విమానాశ్రయమువారు ఇట్టివారికి పొద్దుతిరుగుడు పూవు బొమ్మ గల పట్టీ నొకటి ఇచ్చి, మెడలో వేసికొన్నవారి యెడ సిబ్బంది ఓర్పుతో మెలగునట్లు శిక్షణ నిచ్చిరి. ఆ పూవు ఇప్పుడు మన దేశపు పెద్ద విమానాశ్రయములకును వచ్చినది.

భద్రతా తనిఖీ యొద్ద జరుగు అవమానము వేరు. ‘మయూరి’ చిత్రమున కృత్రిమ పాదముతో నర్తించిన సుధా చంద్రన్ గారిని తెలుగువారు మరువలేదు. తనిఖీ నెపమున ప్రతిసారియు ఆ పాదమును ఊడదీయుమనుచున్నారని 2021 అక్టోబరులో ఆమె ప్రధానమంత్రికి వీడియో ద్వారా మొరపెట్టుకొనగా, విమానాశ్రయ భద్రత చూచు సీఐఎస్‌ఎఫ్ వారు క్షమాపణ చెప్పుకొనిరి. చిన్న గుడ్డముక్కతో తుడిచి ప్రేలుడు పదార్థముల జాడ పట్టు యంత్రము ఉండగా, కాలు విప్పించుట ఎందులకు? పేరుగల నటీమణి మొర పెట్టుకొన్నది గనుక లోకమునకు వినబడినది.

మన ప్రాంతమునకే చెందిన సంగతి యొకటి. శంషాబాదు విమానాశ్రయమున అర్ధరాత్రి విమానముల వేళ, అమెరికాలోని పిల్లల యొద్దకు పోవు తల్లిదండ్రులు వరుసగా చక్రాల కుర్చీలలో కూర్చుండుట నిత్యము చూడవచ్చును. వారిలో మోకాళ్ళ నొప్పులు నిజముగా గలవారు అనేకులు. మరికొందరు పొలమున పది ఎకరములు చుట్టి రాగలవారే. అయినను, ఆంగ్లము రానందున, మధ్యలో విమానము మారు చోట దారి తప్పుదుమేమో అను భయమున కొడుకో కూతురో టిక్కెట్టుతో పాటు కుర్చీని కోరియుండును. వారిని తప్పుపట్టుట నాకు మనసొప్పదు. వారికి కావలసినది కుర్చీ కాదు, తెలుగున నాలుగు మాటలు చెప్పి వెంట నడచు మనిషి. ఆ సేవ వేరుగా ఏర్పరచినచో కుర్చీ నిజముగా కావలసినవారికి వేచియుండు బాధ తప్పును.

ఏటీఆర్ వంటి చిన్న విమానములకు, భవనము నుండి నేరుగా విమానములోనికి చేర్చు ఏరోబ్రిడ్జి అమరదు. అక్కడ కుర్చీతో సహా పైకి లేచు గది గల ఆంబులిఫ్టు వాహనమైనను ఉండవలెను, మెట్లకు బదులు విమానపు వాకిటి దాకా చేర్చు ర్యాంపైనను ఉండవలెను. రెండును లేనిచోట ఇరువురు మనుష్యులు ఎత్తుకొని పోవుదురు. పెద్దవారైన స్త్రీలకు అది ఎంత సిగ్గు కలిగించునో చెప్పనక్కరలేదు. ఎక్కడనైనను క్రొత్త విమానాశ్రయ భవనము కట్టదలచినప్పుడు, గోడ లేచిన పిదప పగులగొట్టుట కంటె, పటము గీయునప్పుడే చక్రాల కుర్చీలో తిరుగువారిని పిలిచి ఆ పటము చూపుట ఖర్చులో ఎంతయో తక్కువ.

తిరుగు ప్రయాణమున మా అక్క ముందే ఫోను చేసి, విమానపు వాకిలి దాకా నా కుర్చీలోనే వచ్చెదను, అక్కడ తీసికొనుడు అని చెప్పియుంచినది. ఈసారి కౌంటరులో నున్న అమ్మాయి లేచి ఇవతలకు వచ్చి, ప్రక్కన కుర్చీ లాగుకొని కూర్చుండి మాటలాడినది. తనిఖీ ముగిసినది. ముందు నున్నది పొడవైన నడవ, నున్నని గచ్చు. అక్క చక్రముల మీద చేతులు వేసి నాలుగుసార్లు బలముగా త్రోసినది. సంచులు పట్టుకొని నేను వెనుకబడితిని. "రారా, ఇంకా అక్కడే ఉన్నావా?" అని దూరము నుండి పిలిచినది.