యాభై దినాల పండుగ: నర్సీపట్నం ప్రాంత సంఘాల్లో ఈస్టరు కాలం, ఆత్మీయ నూతనత్వం

1. ప్రవేశిక

ఈస్టరు ఆదివారం తెల్లవారుజామున మన కోస్తా జిల్లాల క్రైస్తవులు చాలామంది ముందుగా సమాధుల తోటకు వెళతారు. గడ్డి చెక్కి, సున్నం వేసిన సమాధుల మీద పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. చీకటి విడవక ముందే కీర్తనలు మొదలవుతాయి. సూర్యోదయ ఆరాధన ముగిసేసరికి మందిరం నిండిపోతుంది. అంతకుముందు నలభై దినాలు ఉపవాస ప్రార్థనలు, మంచి శుక్రవారం నాడు సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం, ఇవన్నీ శ్రద్ధగా జరిగి ఉంటాయి.

తరువాతి ఆదివారం సగం చాపలు ఖాళీ. మే నెల వచ్చేసరికి ఇంకా పలచన. "శ్రమదినాల్లో ఉన్న భక్తి ఏమైపోయింది?" అని కాపరి బాధపడతాడు. బాధ న్యాయమైనదే. అయితే జనం పలచబడటమే విశ్వాసం చల్లారడమని తీర్పు చెప్పేముందు రెండు సంగతులు పరిశీలించాలి. మొదటిది, ఆ యాభై దినాల్లో మన ప్రజలు ఎక్కడ ఉంటారు? రెండవది, లేఖనంలోను ఆది సంఘంలోను ఆ యాభై దినాలు దేనికోసం ఏర్పడ్డాయి? నర్సీపట్నం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. నర్సీపట్నం: పని కాలం, పండుగ కాలం

నర్సీపట్నం తూర్పు కనుమల పాదాల దగ్గర ఉన్న పట్టణం. ఇక్కడినుండే లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ రోజునుండి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఏజెన్సీ మండలాలు అదే రోజున అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మం వంటి ఊరు ఇది.

ఇక్కడి క్రైస్తవ సాక్ష్యానికి ఒకటి కంటే ఎక్కువ పాయలున్నాయి. ఫ్రాన్సిస్ డి సాలెస్ సభకు చెందిన కతోలిక గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడలో ప్రారంభించిన కెనడియన్ బాప్టిస్టు మిషను ఉత్తర సర్కారుల్లో వ్యాపించి నర్సీపట్నాన్ని కూడా తన సేవా కేంద్రాల్లో ఒకటిగా చేసుకుంది. తరువాతి కాలంలో పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర సంఘాలు వచ్చాయి. ఈస్టరును అందరూ ఆచరిస్తారు. ఈస్టరు కాలాన్ని, అంటే పెంతెకొస్తు వరకు ఉన్న యాభై దినాలను, ఒక కాలంగా ఆచరించే సంఘాలు మాత్రం తక్కువ.

ఆ యాభై దినాలు ఎప్పుడొస్తాయో చూడండి. పాశ్చాత్య క్రమం ప్రకారం ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య పడుతుంది. కాబట్టి పెంతెకొస్తు మే 10కీ జూన్ 13కీ మధ్య వస్తుంది. ఇది తోటల్లో జీడిపిక్కలు ఏరే కాలం. మామిడి కోతల కాలం. మన్యంలో చింతపండు కొట్టి సంతకు దించే కాలం. వేసవి మట్టి పనులకు తెల్లవారకముందే బయలుదేరే కాలం. బడులకు సెలవులు, పిల్లలు అమ్మమ్మల ఊళ్లకు వెళతారు. పెళ్లిళ్లు ఈ నెలల్లోనే, ఊరి అమ్మవారి పండుగలూ ఈ నెలల్లోనే. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలు దాటితే తొలకరి. అంటే మన ఈస్టరు కాలం కోతలతో మొదలై విత్తనాల గుమ్మం దగ్గర ముగుస్తుంది.

కూలికి వెళ్తేనే పూట గడిచే కుటుంబానికి ఈ దినాలు సంవత్సరంలో విలువైనవి. ఆదివారం మందిరంలో కనబడని ఆ సహోదరి లోకంలో కలిసిపోయిందని అనుకోనక్కరలేదు. ఆమె జీడితోటలో ఉంది.

3. లేఖనంలో యాభై దినాలు

ఇశ్రాయేలీయుల యాభై దినాలు కూడా పని దినాలే. లేవీయకాండము 23:9-21 ప్రకారం కోతలో మొదటి పనను యాజకుడు యెహోవా సన్నిధిని అల్లాడించాలి. అక్కడినుండి ఏడు వారాలు లెక్కించి, యాభైయవ దినాన పులిసిన రెండు రొట్టెలు తేవాలి. ద్వితీయోపదేశకాండము 16:9 ఆ లెక్కను పంట మీద కొడవలి వేసిన నాటినుండి ప్రారంభించమంటుంది. యవల కోతలో ఆరంభమై గోధుమల కోతలో ముగిసే ఈ కాలంలో జనులు గుడారం చుట్టూ కూర్చుని ఉండరు, పొలాల్లో ఉంటారు. వారు లెక్కించే ప్రతి దినమూ చెమటోడ్చిన దినమే.

ఈ విధి వెంటనే వచ్చే 22వ వచనం గమనార్హం. పొలం అంచులు పూర్తిగా కోయక, పరిగె ఏరక, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని అక్కడ ఆజ్ఞ. రూతు కథ సరిగ్గా ఈ కాలంలోనే నడుస్తుంది. ఆమె యవల కోత ఆరంభంలో బేత్లెహేముకు వచ్చింది (రూతు 1:22). యవల కోతా గోధుమల కోతా ముగిసేవరకు పరిగె ఏరుకుంది (2:23). పరదేశురాలైన కూలి మనిషిని దేవుడు తన ప్రజల్లో చేర్చుకున్నది కోత కాలంలో, కోత పొలంలో.

పౌలు క్రీస్తు పునరుత్థానాన్ని వివరించడానికి ఎన్నుకున్న మాట కూడా కళ్లంలోనిదే. నిద్రించినవారిలో ఆయన ప్రథమఫలము (1 కొరింథీ 15:20). మొదటి పన చేతికి వచ్చిందంటే పంట ఇంకా పొలంలో ఉందని అర్థం. ఈస్టరు ఆదివారం ముగింపు కాదు, కోతకు ఆరంభం.

తిరిగి లేచిన ప్రభువు ఎక్కడెక్కడ కనబడ్డాడు? మగ్దలేనే మరియకు తోటలో. ఆమె ఆయనను తోటమాలి అనుకుంది. ఎమ్మాయు శిష్యులకు దారిలో, తరువాత భోజనపు బల్ల దగ్గర. పదిమందికి తలుపులు మూసిన ఇంటిలో. పేతురుకూ అతని తోటివారికీ తిబెరియ సముద్రతీరాన, రాత్రంతా వలలు వేసి ఏమీ దొరకని ఉదయాన. సువార్తలు వర్ణించిన ఈ ప్రత్యక్షతల్లో ఏదీ దేవాలయంలో జరిగింది కాదు. అలాగని శిష్యులు దేవాలయం మానలేదు (లూకా 24:53). ప్రభువు వారిని పనిలోనూ ఇంటిలోనూ కలుసుకున్నాడు, వారు ఆయనను ఆరాధనలో స్తుతించారు. ఈ వరుసను మనం తలక్రిందులు చేస్తున్నాం. ముందు వారు మందిరానికి రావాలి, అప్పుడే మనం వారిని కలుస్తాం అంటున్నాం.

యోహాను 21లో మరొక సంగతి. చేపలు పట్టబోయినందుకు ప్రభువు పేతురును గద్దించలేదు. నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టె పెట్టి, తిన్న తరువాత మాట్లాడాడు. ప్రధానయాజకుని ముంగిట నిప్పుల దగ్గర ఎరుగనన్నవాణ్ణి నిప్పుల దగ్గరే తిరిగి నిలబెట్టాడు. ఆత్మీయ నూతనత్వం అంటే ఇదే: పడిపోయిన చోటికి ప్రభువు వచ్చి, ఆకలి తీర్చి, మరల పని అప్పగించడం.

4. ఆది సంఘం ఆచరణ

మూడవ శతాబ్దపు ఆరంభంలో తెర్తుల్లియన్ బాప్తిస్మాన్ని గురించి రాస్తూ, పస్కా దినం తరువాత పెంతెకొస్తు వరకు ఉన్న కాలమంతా బాప్తిస్మానికి తగిన ఆనంద సమయమని చెప్పాడు. ఆ దినాల్లో ఉపవాసం చేయరాదని, మోకాళ్లూనరాదని అప్పటికే సంప్రదాయముందని ఆయన మరొక గ్రంథం తెలుపుతుంది. 325లో కూడిన నీకయ మహాసభ తన 20వ నియమంలో దీనిని స్థిరపరచింది: ఆదివారాల్లోను, పెంతెకొస్తు దినాల్లోను విశ్వాసులు నిలబడి ప్రార్థించాలి. అదే సభ 5వ నియమం ఈస్టరుకు ముందున్న నలభై దినాలను ప్రస్తావించింది. నలభైనీ యాభైనీ ఎరిగిన సభ అది. మనం నలభైని మాత్రమే నిలుపుకున్నాం.

నాలుగవ శతాబ్దపు జెరూసలేములో ఈస్టరు రాత్రి బాప్తిస్మం పొందినవారికి ఆ వారమంతా కాపరి ప్రత్యేకంగా బోధించేవాడు. వారు పొందిన బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అర్థమేమిటో అప్పుడు విప్పి చెప్పేవాడు. సిరిల్ పేరిట నిలిచిన ప్రసంగాలు, ఎగేరియా అనే యాత్రికురాలి వృత్తాంతం దీనికి సాక్ష్యాలు. బాప్తిస్మానికి ముందు బోధ ఉంది. తరువాత కూడా బోధ ఉంది. కతోలిక సంఘం 1972లో వయోజనుల ప్రవేశ క్రమాన్ని పునరుద్ధరించినప్పుడు ఈ తరువాతి బోధను ఈస్టరు కాలానికే చేర్చింది. అనేక ప్రొటెస్టంట్ సంఘాలు వాడుతున్న 1992 నాటి సవరించిన పాఠ్యభాగాల పట్టిక, ఈస్టరు కాలపు ఆదివారాలకు అపొస్తలుల కార్యముల నుండి పాఠాలు ఏర్పరచింది.

మన గ్రామ సంఘాల్లో ప్రాణాపాయం ఉన్నది సరిగ్గా ఇక్కడే. బాప్తిస్మానికి ముందు ప్రశ్నలడిగి సిద్ధపరుస్తాం. చెరువులోనో కాలువలోనో బాప్తిస్మం ఇచ్చి, సహవాసంలో చేర్చుకుని, ఇక స్థిరపడ్డాడని వదిలేస్తాం. అతనికి అసలు ప్రశ్నలు అప్పుడే మొదలవుతాయి. ఊరి పండుగకు చందా అడుగుతారు, ఇవ్వాలా? అన్న కూతురి పెళ్లిలో పీటల దగ్గర కూర్చోవచ్చా? తండ్రి తద్దినం నాడు ఇంట్లో ఎలా నడుచుకోవాలి? ఇవన్నీ వేసవిలో ఒకదాని వెంట ఒకటి వచ్చిపడే ప్రశ్నలు. ఆ సమయంలో పక్కన ఎవరూ లేకపోతే అతడు ఎవరికీ చెప్పకుండానే దూరమవుతాడు. మనం మరుసటి సంవత్సరం లెక్కల్లో అతని పేరు కొట్టివేస్తాం.

5. నలభై ఎందుకు నిలిచింది? యాభై ఎందుకు జారిపోయింది?

దీక్ష మన నేలకు తెలిసిన రూపం. ఇన్ని దినాలు నియమంగా ఉండాలంటే మన ప్రజలకు వెంటనే అర్థమవుతుంది. సంతోషాన్ని నియమంగా ఆచరించడం మాత్రం మనకు అలవాటు కాలేదు. బాప్టిస్టు సంఘాలకు సంవత్సర పంచాంగం సంప్రదాయంగా లేదు కనుక, శ్రమదినాల ఆచారం ప్రవేశించినా దాని కొనసాగింపు ప్రవేశించలేదు. పైగా వేసవి అంటే ఉజ్జీవ సభల కాలమని ఒక అలవాటు ఏర్పడింది. సభలు మంచివే. కాని మూడు రాత్రుల సభ ఏడు వారాల కాపరి పరామర్శకు ప్రత్యామ్నాయం కాదు.

నలభై అనే సంఖ్య మీద మక్కువ ఉన్నవారు అపొస్తలుల కార్యములు 1:3 చదవాలి. పునరుత్థానం తరువాత ప్రభువు నలభై దినాలు కనబడుతూ దేవుని రాజ్యాన్ని బోధించాడు. ఈస్టరుకు ఈవల కూడా ఒక నలభై ఉంది.

ఇది సాధ్యమేనా అని సందేహించేవారికి 2020 జవాబు. ఆ సంవత్సరం ఈస్టరు ఏప్రిల్ 12, పెంతెకొస్తు మే 31. మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో మూతపడిన ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం అనుమతించినది జూన్ 8 నుండి. అంటే యాభై దినాలూ మందిరం తలుపులు మూసే ఉన్నాయి. తలుపులు మూసుకున్న ఇళ్లలో తండ్రులు బైబిలు తెరిచారు, తల్లులు ప్రార్థన నడిపించారు, కాపరులు ఫోనులో ఒక్కొక్క ఇంటినీ పలకరించారు. బలవంతాన నేర్చుకున్న ఆ పాఠాన్ని తలుపులు తెరవగానే మరచిపోవడం నష్టం.

6. ఏడు వారాల క్రమం: ఒక సూచన

ఒక కాపరి నాలుగైదు గ్రామాల సంఘాలను చూసుకోవలసిన చోట కొత్త కూటాలు చేర్చడం భారం. కాబట్టి ఈ క్రమం కూటాలను పెంచదు; కాపరి నడకను మారుస్తుంది.

మొదటి వారం కొత్తగా బాప్తిస్మం పొందినవారిది. వారి ఇళ్లకు వెళ్లి పైన చెప్పిన ప్రశ్నలు విని, రోమా 6:4లోని నూతన జీవాన్ని ఆ ప్రశ్నల మధ్యనే బోధించాలి. రెండవ వారం తోమాది. ఈస్టరు నాడు రానివారి పేర్లు రాసుకుని వెతుక్కుంటూ వెళ్లాలి. ప్రభువు లేనివానికోసమే మరల వచ్చాడు. మూడవ వారం ఎమ్మాయుది. ప్రతి ఇంటిలో ఒక రాత్రి భోజనానికి ముందు లూకా 24 చదివించాలి. పొరుగువారిని ఒకరిని పిలవాలి.

నాలుగవ వారం మంచి కాపరిది; రోగులు, ముసలివారు, ఒంటరులు. ఐదవ వారం తీరానిది. కాపరి తోటకు, సంతకు, పని స్థలానికి వెళ్లి, విరామ సమయంలో అక్కడే ఐదు నిమిషాలు ప్రార్థించాలి. ఆరవ వారం విత్తనాలది. ఐదవ శతాబ్దంలో ఫ్రాన్సులోని వియెన్ బిషప్ మమెర్టస్ ఆరోహణ దినానికి ముందు మూడు రోజులు విన్నప ప్రార్థనలు ఏర్పరచాడు. అవి తరువాత పంటల కోసం చేసే ప్రార్థనలయ్యాయి. తొలకరికి ముందు విత్తనాలు మందిరానికి తెచ్చి ప్రార్థించడం మన రైతులకు పరాయిది కాదు. ఏడవ వారం ఆరోహణం నుండి పెంతెకొస్తు వరకు కనిపెట్టే ప్రార్థనది (అపొ. కార్య. 1:14).

ఈ సేవలో స్త్రీల సమాజానికి ముందు స్థానం ఇవ్వాలి. పునరుత్థాన వార్తను మొదట మోసినది స్త్రీలు. ఉత్తర సర్కారుల్లో ఇంటింటికీ వాక్యం మోసినవారిలో బైబిలు స్త్రీలు ముఖ్యులు. వేసవిలో తోటలో ఏ సహోదరి ఏ వరుసలో పనిచేస్తుందో కాపరి కంటే వారికే బాగా తెలుసు.

7. ముగింపు

హాజరు పట్టీ నింపడం ఈ క్రమం గురి కాదు. కొన్ని సంఘాల్లో జూన్ వచ్చినా చాపలు నిండకపోవచ్చు. కాని పెంతెకొస్తు నాటికి బాప్తిస్మం పొందిన ప్రతివాని ఇంటి గడపనూ సంఘం తొక్కి ఉంటే, రానివాని పేరు ప్రార్థనలో వినబడి ఉంటే, తోటలో చెమటోడ్చిన చేతుల మధ్య ప్రభువు నామం పలికి ఉంటే, ఆ సంఘం ఈస్టరును ఆచరించినట్లే.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో వెలిగించిన కొవ్వొత్తి ఎండ రాగానే ఆరిపోతుంది. దాన్ని వెలిగించినవారు మరునాడు పనికి వెళతారు. ప్రభువు వారికంటే ముందుగా అక్కడ ఉన్నాడు. ఆయన సేవకులు కూడా అక్కడికి వెళ్లాలి.