ముందు పేరు, తర్వాత వర్ణమాల: చిన్నపిల్లలకి వాళ్ళ పేరులోని అక్షరాలు ఎలా పరిచయం చేయాలి?

నరసాపురం నుంచి మాట్లాడుతున్నాను. మీ ఇంట్లో మూడు నుంచి ఐదేళ్ళ లోపు తమ్ముడో, చెల్లో, మేనకోడలో, మీ సొంత బాబో పాపో ఉంటే ఇవాళ్టి ఎపిసోడ్ మీకే.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అక్క కొడుక్కి నాలుగేళ్ళు. చిన్నపిల్లాడు కదా, అసలు పేరు చెప్పను, తేజ అనుకుందాం. ఫోన్‌లో పాట పెడితే అ నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా పాడేస్తాడు. కానీ పలక కనిపిస్తే మాత్రం మంచం కిందకి దూరేవాడు. తప్పు మాదే. రోజూ కూర్చోబెట్టి 'అ' దిద్దించాం, వంకర పోతే కసిరాం.

వాడి పుట్టినరోజుకి కేకు మీద పేరు తెలుగులో రాయించాం. వాడు చూసి, "ఇదేం రాశారు పిన్నీ?" అన్నాడు. "నీ పేరే రా" అన్నాను. "నా పేరా!" అని వంగి మరీ చూశాడు. ఆ ముక్క ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అప్పుడు నాకు అర్థమైంది. అక్షరాలన్నీ పాడే పిల్లాడికి, అందులో తనవి కూడా ఉన్నాయని మేం ఒక్కసారి కూడా చెప్పలేదు.

నిజానికి మన ఇళ్ళల్లో పిల్లల పేరు రాయడం చాలా ముందే జరుగుతుంది. బారసాల రోజు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాస్తారు కదా. ఆ తర్వాత ఆ పేరు పిల్లాడి కంటపడేది మళ్ళీ బళ్ళోనే.

ఎందుకింత ఆలస్యం?

మనం నేర్పే వరస వల్ల. ముందు అచ్చులు, తర్వాత హల్లులు, తర్వాత గుణింతాలు, చివర్లో వత్తులు. ఇప్పుడు 'తేజ' చూడండి. 'త' రావాలంటే అచ్చులన్నీ అయిపోవాలి, క, చ, ట వర్గాలు దాటాలి. అప్పుడు వచ్చేది కూడా 'త' మాత్రమే, 'తే' కాదు. దానికి గుణింతాల దాకా ఆగాలి. అదే 'శ్రీనిధి' అయితే పేరులో మొదటి అక్షరానికే వత్తు ఉంది, అది అన్నిటికన్నా చివర వచ్చే పాఠం.

పైగా మన లిపి పెద్దది. 35 హల్లులకి తలా 12 గుణింతాలు వేసుకున్నా 420 రూపాలు, వత్తులు వేరే. కన్నడ లిపి కూడా మన లాంటిదే. అక్కడి బడిపిల్లల మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటో తరగతితో అయిపోదు, ఇంకా కొన్నేళ్ళు సాగుతుందని అందులో తేలింది. అంత పొడుగు దారిలో నాలుగేళ్ళ పిల్లాడికి "ఇది నాది" అనిపించేది ఒక్కటైనా ముందే చేతికి రావాలి కదా. అదే వాడి పేరు.

ఇది నా ఒక్కదాని మాట కాదు. రెబెకా ట్రైమన్, విక్టోరియా బ్రోడెరిక్ అనే ఇద్దరు 1998లో ఇంగ్లీషు పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లలకి మిగతా అక్షరాల కన్నా తమ పేరులోని మొదటి అక్షరం బాగా తెలుస్తోంది. కానీ ఒక చిక్కు ఉంది. ఆ అక్షరాన్ని ఏమంటారో తెలిసినా, అది పలికే శబ్దం మాత్రం అంత బాగా తెలియలేదు. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, శబ్దం వేరు. డబ్ల్యూ అంటాం, పలికేది 'వ'. తెలుగులో ఆ బాధ లేదండి. 'త' పేరూ 'త'యే, శబ్దమూ 'త'యే. మన పిల్లలకి ఇది కలిసొచ్చే విషయం.

సరే, ఎలా మొదలుపెట్టాలి?

ఒకటి, పిలిచే పేరు తీసుకోండి. మన గోదారి జిల్లాల్లో రికార్డులో పేరు 'వెంకట సత్య సాయి' అంటూ రైలుబండంత ఉంటుంది. అది వద్దు. ఏ పేరుతో పిలిస్తే పిల్లాడు తిరిగి చూస్తాడో అదే రాయండి. 'చిన్ని' అయినా పర్లేదు.

రెండు, రాయించకండి, చూపించండి. అట్టముక్క మీద నల్లటి స్కెచ్ పెన్‌తో పెద్దగా పేరు రాయండి. పువ్వులు, నక్షత్రాలు వద్దు. పిల్లాడు వాటినే గుర్తుపెట్టుకుని అక్షరాన్ని వదిలేస్తాడు. అలాంటి కార్డులు మూడు నాలుగు చేసి కంచం దగ్గర, వాటర్ బాటిల్ మీద, చెప్పుల స్టాండ్ మీద అంటించండి.

మూడు, చప్పట్లు. తే-జ, రెండు చప్పట్లు. శ్రీ-ని-ధి, మూడు. ఒక్కో చప్పట్టుకి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టండి. అన్ని పేర్లకీ ఇది సరిగ్గా కుదరదు. 'కిరణ్' పలికితే కి-రణ్ అని రెండే చప్పట్లు, రాస్తే మూడు అక్షరాలు. 'లక్ష్మి'ని లక్-ష్మి అని పలుకుతాం, కానీ రాసేది ల, క్ష్మి. అలాంటి పేర్లకి చప్పట్లు మానేసి, వేలు జరుపుతూ మెల్లగా చదవండి చాలు.

నాలుగు, కార్డుని అక్షరాలుగా కత్తిరించండి. 'తే' ఒక ముక్క, 'జ' ఒక ముక్క. 'త'నీ ఏత్వాన్నీ మాత్రం విడదీయకండి. ఈ వయసులో 'తే' అంటే ఒకే బొమ్మ. ముక్కలు కలిపి పేరు పేర్చడం ఒక ఆట. కుదిరాక అమ్మ పేరు ముక్కలు కూడా కలిపేసి, "నీవి ఏరుకో" అనండి.

ఐదు, వేట. ఇక్కడ ఫోన్ పనికొస్తుంది. బజారుకి వెళ్ళినప్పుడు, "నీ అక్షరం ఎక్కడుందో పట్టుకో, ఫోటో తీద్దాం" అనండి. మావాడికి మొదట దొరికింది వంటింట్లో తేనె సీసా మీద. "నా తే!" అని ఒకటే అరుపు. మీ పాప పేరు రమ అనుకోండి. ఆర్టీసీ బస్సు బోర్డు మీద 'నరసాపురం' చూపించండి. అందులో 'ర' రెండుసార్లు ఉంది, ఒకటి మామూలుగా, ఒకటి సున్నతో. ఆ రెండోది కూడా తనదే అని పాప ఒప్పుకుంటుందా లేదా చూడండి. ఒప్పుకుంటే సున్న పాఠం మొదలైపోయినట్టే.

ఆరు, తాకనివ్వండి. మరియా మాంటిస్సోరి పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద పిల్లలు వేలితో దిద్దుతారు. మన నరసాపురంలో గరుకు కాగితం కూడా అక్కర్లేదు, లేసు దారం ఉందిగా. మా అమ్మ లేసు అల్లగా మిగిలిన దారాన్ని అట్ట మీద జిగురుతో అక్షరం ఆకారంలో అంటించాం. వాడు కళ్ళు మూసుకుని తడిమి, "ఇది జ" అని చెప్పేశాడు.

ఇసుక కూడా మంచిదే, అది మన పాత వీధిబడి పద్ధతే. ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసులో ఉన్నప్పుడు ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి, తన బళ్ళో అదే పెట్టారు. దాని గురించి 1797లో లండన్‌లో పుస్తకం కూడా వేశారు. మనం ఈసారి పేరుపాలెం బీచ్‌కి వెళ్ళినప్పుడు సెల్ఫీలు అయ్యాక పిల్లాడి పేరు ఇసుకలో రాస్తే సరిపోతుంది.

కొన్ని సందేహాలు

"మావాడు 'తే' గుర్తుపడతాడు, 'త' చూపిస్తే నాది కాదంటాడు." వాడు సరిగ్గానే చూస్తున్నాడండి! "త టోపీ మార్చుకుంటే తే అయింది" అని చెప్పండి. గుణింతం అంటే అదే.

"ప, వ ఒకటే అంటుంది." రెండూ పక్కపక్కన పెట్టండి. 'ప' మీద తలకట్టు విడిగా ఉంటుంది, 'వ'కి అతుక్కుని ఉంటుంది. తిట్టకుండా, ఆ ఒక్క చోట వేలు పెట్టి చూపించండి.

"బళ్ళో ఇంగ్లీషులో పేరు నేర్పుతున్నారు, రెండూ కలిసిపోవా?" వేరే కార్డు మీద, వేరే రంగుతో రాయండి. ఒకే అట్ట మీద రెండూ రాయకండి.

"మరి రాయడం ఎప్పుడు?" వాళ్ళంతట వాళ్ళు పెన్సిల్ అడిగినప్పుడు. తిరగేసి రాసినా ఈ వయసులో అది మామూలే. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ళని పునాది దశ అని, అందులో ఆటలతో నేర్పాలని చెప్తోంది. కాబట్టి మూడేళ్ళకే చెయ్యి పట్టుకుని దిద్దించాలన్న తొందర వద్దు.

పేరు వచ్చిందని వర్ణమాల మానేయమని కాదు. అది కావాల్సిందే. కాకపోతే పేరు తెలిసిన పిల్లాడు ఆ వరసలోకి వెళ్ళినప్పుడు అక్కడ తనకి తెలిసినవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. మావాడు ఇప్పుడు చ వర్గం పాడుతూ 'జ' దగ్గర ఆగి, "ఇది నాది" అని చెప్పి గానీ ముందుకి కదలడు. పలక కూడా మంచం కింద నుంచి బయటికొచ్చింది. దాని మీద ఇంకా ఏమీ రాయలేదు లెండి. చేప బొమ్మలు గీస్తున్నాడు. గీయనివ్వండి.

ఇవాళ రాత్రి ఒక్క కార్డు రాసి, భోజనాల దగ్గర కంచం పక్కన పెట్టండి. ఏమీ అడగకండి. ఎవరు ముందు అడుగుతారో చూడండి. ఉంటానండి, మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.